లండన్ నుంచి ప్యారిస్ ఎంత దూరం, ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

యూకేకి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు లాంగ్ వీకెండ్ రాగానే ముందు అనుకునేది ప్యారిస్ వెళ్దామనే. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలదీ అదే మాట, ఇంత దూరం వచ్చాం కదా ఈఫిల్ టవర్ కూడా చూసేస్తే పోలా అని. అందుకే ఈ రూట్ గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, ఒక్కోదానికి వివరంగా జవాబు రాశాను.

లండన్‌కి ప్యారిస్‌కి మధ్య అసలు దూరం ఎంత?

మ్యాప్ మీద ఈ ఊరి నడిబొడ్డు నుంచి ఆ ఊరి నడిబొడ్డుకి నేరుగా గీత గీస్తే దాదాపు 344 కిలోమీటర్లు, మైళ్లలో అయితే 214. హైదరాబాద్ నుంచి బెంగళూరు ఫ్లైట్‌లో వెళ్లే దూరం కన్నా ఇది తక్కువే. రెండు వేరే దేశాలు, మధ్యలో సముద్రం, భాష వేరు, డబ్బు వేరు కాబట్టి ఏదో చాలా దూరం అనిపిస్తుంది గానీ కాదు.

ఒక సైట్‌లో 344 అని, ఇంకోచోట 460 అని, మరోచోట 490 అని ఉంది, ఏది కరెక్ట్?

అన్నీ కరెక్టే, ఎవరు దేన్ని కొలిచారన్నదే తేడా. 344 అనేది ఆకాశంలో నేరుగా. 460 చుట్టుపక్కల కనపడితే అది రోడ్డు దూరం, ఎందుకంటే కారు ముందు కెంట్ వైపు వెళ్లి ఫోక్‌స్టన్ దగ్గరో డోవర్ దగ్గరో సముద్రం దాటి, అవతల ఫ్రాన్స్ ఒడ్డున కాలే అనే ఊరి దగ్గర తేలి అక్కణ్ణుంచి ప్యారిస్‌కి దిగాలి. 490 పైచిలుకు ఉంటే అది రైలు పట్టాల పొడవు, రైలు కూడా అదే మూల తిరిగి లీల్ ఊరి పక్క నుంచి వస్తుంది కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి అయితే మళ్లీ లెక్క మారుతుంది. లండన్ హీత్రో నుంచి ప్యారిస్ చార్లెస్ డి గాల్‌కి 348 కిలోమీటర్ల దాకా, అంటే 188 నాటికల్ మైళ్లు (విమానాల వాళ్లు కొలిచేది ఇందులోనే, ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు). గ్యాట్విక్ లండన్‌కి దక్షిణాన ఉంది కాబట్టి అక్కణ్ణుంచి 310 లోపే. లూటన్ ఉత్తరాన ఉంది, అక్కణ్ణుంచి 380 దాకా అవుతుంది. హీత్రో నుంచి ప్యారిస్‌లోని ఇంకో ఎయిర్‌పోర్ట్ ఓర్లీకి అయితే 365 అలా.

ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుంది?

టికెట్ మీద గంటా 15 నిమిషాల నుంచి గంటా 25 నిమిషాల దాకా వేస్తారు. నిజంగా గాల్లో ఉండేది మాత్రం 45 నుంచి 55 నిమిషాలే. సీట్ బెల్ట్ లైట్ ఆరి, ట్రాలీ వచ్చి, మంచినీళ్లు ఇచ్చి, ఆ గ్లాసులు తీసుకునేలోపే కిందకి దిగడం మొదలైపోద్ది.

గాల్లో ఉండేది 50 నిమిషాలైతే టికెట్ మీద గంటా 20 ఎందుకు వేస్తారు?

టికెట్ మీద ఉండేది విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగే క్షణం దాకా. అందులో వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, అక్కడ క్యూలో నిలబడటం అన్నీ కలిసే ఉంటాయి. హీత్రోకి ఉన్నవి రెండే రన్‌వేలు, దాని రద్దీకి అవి ఏమాత్రం సరిపోవు కాబట్టి పొద్దున, సాయంత్రం క్యూ తప్పదు. చార్లెస్ డి గాల్‌లో నాలుగు రన్‌వేలు ఉన్నా ఎయిర్‌పోర్ట్ ఎంత పెద్దదంటే దిగాక కూడా పది నిమిషాలు నేల మీద తిరుగుతూనే ఉంటాం, ఇంకో ఊరికి రోడ్డు మీద తీసుకెళ్తున్నారా అనిపిస్తుంది.

పైగా విమానం గీత గీసినట్టు వెళ్లదు. రన్‌వే ఏ వైపుకి ఉంటే ఆ వైపుకే లేవాలి, తర్వాత కంట్రోలర్లు చెప్పిన దారిలో తిరిగి, దిగేటప్పుడు మళ్లీ రన్‌వేకి ఎదురుగా వచ్చేలా చుట్టు తిరగాలి. దూరం ఇంత తక్కువ ఉన్నప్పుడు ఆ తిరుగుళ్లే చాలా టైమ్ తినేస్తాయి, అమెరికా వెళ్లే ఫ్లైట్‌లో అయితే అదే పది నిమిషాలు లెక్కలోకి కూడా రావు.

వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ టైమ్ తేడా ఉంటుందా?

కొంచెం. ఈ ప్రాంతంలో గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది, ప్యారిస్ లండన్‌కి ఆగ్నేయంగా ఉంది, కాబట్టి వెళ్లేటప్పుడు గాలి కొంచెం తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. ఇంత చిన్న రూట్‌లో ఆ తేడా కొన్ని నిమిషాలే. అసలు ఆలస్యం హీత్రో మీద అయ్యేది. ల్యాండింగ్‌కి ఖాళీ లేకపోతే విమానాల్ని బోవింగ్‌డన్, ల్యాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల ఒకదాని పైన ఒకటి గుండ్రంగా తిప్పుతూ ఉంచుతారు. పైలట్ ఇంకో పది పదిహేను నిమిషాలు ఆగాలి అన్నాడంటే అదే, కంగారు పడే విషయం కాదు, రోజూ జరిగేదే.

10 గంటలకి బయల్దేరి 12:20కి చేరుతుందని ఉంది, అంటే రెండుంపావు గంటలు పైనేనా?

కాదు, గంటా 20 నిమిషాలే. ప్యారిస్ టైమ్ లండన్ కన్నా ఒక గంట ముందుంటుంది, టికెట్ మీద ఎక్కడి టైమ్ అక్కడి లెక్కలో వేస్తారు. అదే తిరుగు ప్రయాణంలో ప్యారిస్‌లో 10 గంటలకి ఎక్కితే లండన్‌లో 10:20కి దిగినట్టు కనపడుతుంది, ఇరవై నిమిషాల్లో వచ్చేసిందని కాదు దానర్థం.

సమ్మర్‌లో గడియారాలు మార్చినా ఈ గంట తేడా మారదు, ఎందుకంటే మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం రెండు దేశాలూ ఒకే క్షణంలో మారుస్తాయి. ఇండియాతో అయితే లండన్‌కి శీతాకాలం ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర, ప్యారిస్‌కి అదే నాలుగున్నర, మూడున్నర. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పనికొస్తుంది.

నిజానికి మ్యాప్‌లో చూస్తే ప్యారిస్ గ్రీనిచ్ రేఖకి చాలా దగ్గర, రెండు డిగ్రీల పైచిలుకు తూర్పున అంతే. 1940 దాకా అక్కడా లండన్ టైమే ఉండేది. యుద్ధంలో జర్మన్లు ప్యారిస్‌ని ఆక్రమించుకుని బెర్లిన్ టైమ్ పెట్టారు, యుద్ధం అయిపోయినా అదే ఉండిపోయింది. ఇవాళ్టికీ మన టికెట్ మీద కనపడే ఆ గంట తేడా అప్పటిది.

ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి ఏ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే మంచిది?

ఫ్లైట్ చూసే ముందు మీ ఇల్లు ఎక్కడో చూస్కోండి. హౌన్స్‌లో, స్లౌ వైపు ఉండేవాళ్లకి హీత్రో పక్కనే. క్రాయ్‌డన్ వైపు అయితే గ్యాట్విక్. మిల్టన్ కీన్స్, బెడ్‌ఫర్డ్ వాళ్లకి లూటన్ దగ్గర. ఈస్ట్ హ్యామ్‌లో ఉండి చీప్‌గా వచ్చిందని పొద్దున ఆరింటి లూటన్ ఫ్లైట్ బుక్ చేస్తే రాత్రి రెండింటికి లేచి క్యాబ్ మాట్లాడుకోవాలి, ఆ క్యాబ్ డబ్బులే టికెట్ అంత అవుతాయి.

ప్యారిస్ వైపు చార్లెస్ డి గాల్, ఓర్లీ రెండూ బాగానే ఉంటాయి. చార్లెస్ డి గాల్ నుంచి ఆర్‌ఈఆర్ బి అనే రైలు ఎక్కితే అరగంటకి కాస్త అటూ ఇటూగా గార్ దు నోర్ స్టేషన్‌కి వస్తారు. ఓర్లీకి 2024 జూన్ నుంచి మెట్రో 14వ లైన్ నేరుగా వస్తోంది, అది వచ్చాక ఓర్లీ చాలా సుఖంగా అయింది, అరగంట లోపే ఊరి మధ్యలో ఉంటాం. బోవే అని ఇంకోటి ఉంది, పేరులో ప్యారిస్ అని పెట్టుకున్నారు గానీ ప్యారిస్‌కి 80 కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ పేరు టికెట్‌లో కనపడితే బస్సులో గంటంపావు అదనంగా వేస్కోండి.

రైల్లో అయితే ఎంతసేపు?

లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి ప్యారిస్ గార్ దు నోర్‌కి యూరోస్టార్‌లో తొందరగా వెళ్లేది 2 గంటల 16, 17 నిమిషాల్లో వెళ్తుంది, మామూలుగా రెండుంపావు నుంచి రెండున్నర గంటలు అనుకోండి. బయట గంటకి 300 కిలోమీటర్ల స్పీడు, సముద్రం కింద టన్నెల్లో మాత్రం 160కి తగ్గిస్తారు. మధ్యలో మారే పని లేదు, ఇక్కడ కూర్చుంటే అక్కడ దిగడమే. 1994 నవంబర్‌లో మొదలైనప్పుడు మూడు గంటలు పట్టేది, ఎందుకంటే ఇంగ్లండ్ వైపు పాత పట్టాల మీదే మెల్లగా వెళ్లేది. 2007 నవంబర్ 14న కొత్త హైస్పీడ్ లైన్ పూర్తయి, వాటర్లూ నుంచి సెయింట్ పాంక్రస్‌కి మారాక ఈ టైమ్‌కి వచ్చింది.

మరి ఫ్లైట్ గంటా 20, రైలు రెండుంపావు, ఫ్లైటే ఫాస్ట్ కదా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది ఆ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూసి ఫ్లైట్ బుక్ చేసేస్తారు. మీరు ఇంటి తలుపు తాళం వేసిన దగ్గర్నుంచి హోటల్ రూమ్ తలుపు తీసిన దాకా లెక్కెయ్యండి, అప్పుడు తెలుస్తుంది.

ఈస్ట్ లండన్‌లో ఉండే ఒక ఫ్యామిలీ అనుకుందాం. ఫ్లైట్ అయితే హీత్రోకి గంటా పావు, అక్కడికి రెండు గంటల ముందు వెళ్లాలి, ఫ్లైట్ గంటా 20, దిగాక విమానం నుంచి నడిచి పాస్‌పోర్ట్ క్యూలో నిలబడి బ్యాగ్ వేసుంటే దానికోసం ఆగి కనీసం ముప్పావు గంట, తర్వాత రైలెక్కి ఊళ్లోకి ఇంకో ముప్పావు గంట. మొత్తం ఆరు గంటలు. అదే రైలైతే సెయింట్ పాంక్రస్‌కి ముప్పావు గంట, గంటంపావు ముందు వెళ్తే చాలు, రైలు రెండుంపావు, దిగితే నేరుగా బయటికి నడిచి వెళ్లిపోవడమే, అప్పటికే ఊరి మధ్యలో ఉంటాం. నాలుగున్నర గంటలకి కాస్త అటూ ఇటూ.

దిగాక నేరుగా నడిచి వెళ్లిపోవడం ఎలా కుదురుతుందంటే, ఫ్రెంచ్ పోలీసుల పాస్‌పోర్ట్ చెకింగ్ లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది, రైలెక్కక ముందే. తిరిగి వచ్చేటప్పుడు బ్రిటన్ అధికారులు ప్యారిస్ స్టేషన్‌లోనే చూస్తారు. అంటే క్యూ ఏదైనా ముందే, చివర్లో ఏమీ ఉండదు. చంటిపిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో ఒకసారి వెళ్తే తెలుస్తుంది. ఎయిర్‌పోర్ట్‌లో కిలోమీటర్లు నడిపించి అలిసిపోయాక ఇంకో క్యూలో అమ్మానాన్నల్ని నిలబెట్టడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

అలాగని రైలే ఎప్పుడూ మంచిదని కాదు. హీత్రో పక్కన ఉండి, చేతిలో చిన్న బ్యాగ్ ఒక్కటే ఉండి, ప్యారిస్‌లో మీ పని చార్లెస్ డి గాల్ వైపే ఉంటే ఫ్లైట్ హాయిగా గెలుస్తుంది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, ఎడిన్‌బరో వాళ్లు లండన్ దాకా రావడమే పెద్ద పని, అక్కణ్ణుంచే ప్యారిస్‌కి నేరుగా ఫ్లైట్లు ఉంటాయి, వాళ్లు అదే చూస్కోవాలి.

సముద్రం కింద నుంచి వెళ్లడం భయంగా ఉంటుందా?

ఏమీ తెలీదు. బయట చీకటి పడినట్టు ఉంటుంది, ఒక 20 నిమిషాల తర్వాత వెలుతురు వస్తే ఫ్రాన్స్‌లో ఉంటారు. చేపలు కనపడతాయా అని పిల్లలు అడుగుతారు, కనపడవు, ఎందుకంటే టన్నెల్ నీళ్లలో లేదు, సముద్రం అడుగున ఉన్న నేలని తొలిచి వేసింది, బాగా లోతైన చోట సముద్రపు నేలకి 75 మీటర్ల కింద ఉంటుంది. మొత్తం పొడవు 50 కిలోమీటర్ల పైనే, అందులో సముద్రం కింద ఉన్నదే దాదాపు 38. వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆ రెండిటి మధ్యలో సర్వీస్ టన్నెల్ ఇంకోటి, ఏదైనా అయితే జనాన్ని అందులోకి తీసుకొస్తారు. 1994 మే 6న రాణి ఎలిజబెత్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ కలిసి ప్రారంభించారు.

నాకు యూకే వీసా ఉంది, ప్యారిస్‌కి మళ్లీ వీసా కావాలా?

కావాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే కచ్చితంగా షెంజెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా, చివరికి యూకే పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నా సరే కావాలి. బ్రిటన్ ఎప్పుడూ షెంజెన్‌లో లేదు, యూరోపియన్ యూనియన్‌లో ఉన్నప్పుడు కూడా లేదు. బ్రిటిష్ సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్లకి మాత్రం టూరిస్ట్‌గా వీసా అక్కర్లేదు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు దాటకుండా ఉండొచ్చు.

యూకేలో ఉండేవాళ్లు ఫ్రాన్స్ వీసాకి టీఎల్‌ఎస్ కాంటాక్ట్ సెంటర్లలో అప్లై చెయ్యాలి, లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరోలో ఉన్నాయి. ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చెయ్యాలి, కానీ అసలు ఇబ్బంది అపాయింట్‌మెంట్ దొరకడం దగ్గరే. ఈస్టర్‌కి, సమ్మర్‌కి స్లాట్లు చూస్తుండగానే అయిపోతాయి, అందుకని ముందు వీసా అపాయింట్‌మెంట్ చూస్కుని, ఆ తర్వాతే డబ్బులు తిరిగిరాని టికెట్ల జోలికి వెళ్లండి. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు, సెంటర్ సర్వీస్ ఛార్జ్ దానికి అదనం. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. మీ యూకే వీసా, మీరు షెంజెన్ నుంచి తిరిగొచ్చాక ఇంకో మూడు నెలలైనా ఉండేలా చూస్కోండి.

విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మానాన్నలకి ఇక్కణ్ణుంచి షెంజెన్ వీసా తీసుకోవచ్చా?

మామూలుగా కుదరదు. ఎక్కడ నివాసం ఉంటే అక్కడే అప్లై చెయ్యాలన్నది రూల్, విజిటర్‌గా వచ్చినవాళ్లకి యూకే నివాసం కాదు. కాబట్టి వాళ్లు ఇండియాలో ఉన్నప్పుడే షెంజెన్ కూడా వేయించుకుని రావాలి. దయచేసి ఈ ఒక్క విషయం టికెట్లు కొనకముందే ఇంట్లో అందరికీ చెప్పండి. ఇక్కడికి వచ్చాక తెలిసి పెద్దవాళ్లు మనసు కష్టపెట్టుకోవడం చాలా ఇళ్లలో చూస్తున్నాను.

తిరిగి లండన్ రావడానికి మాత్రం దిగులు అక్కర్లేదు, యూకే స్టాండర్డ్ విజిటర్ వీసా గడువులోపు ఎన్నిసార్లైనా రావొచ్చు. షెంజెన్ సింగిల్ ఎంట్రీనా మల్టిపుల్ ఎంట్రీనా అన్నది ఒకసారి స్టిక్కర్ మీద చూస్కోండి.

ఈఈఎస్ అంటున్నారు, అదేంటి?

యూరప్‌లోకి వచ్చే బయటి దేశాలవాళ్ల పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసే బదులు ఫోటో, వేలిముద్రలు కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతి. 2025 అక్టోబర్ 12న మొదలైంది. మొదటిసారి వెళ్లేటప్పుడు కాస్త టైమ్ పడుతుంది, 12 ఏళ్ల లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. రైలైతే ఇది లండన్‌లోనే అయిపోతుంది, ఫ్లైట్ అయితే ప్యారిస్‌లో దిగాక. ఏదైనా మీరు వేసుకున్న టైమ్‌కి ఇంకో అరగంట కలుపుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు బీఆర్‌పీ కార్డ్ కావాలా?

యూకేలో ఉండటానికి అనుమతి ఉందని చూపించే ఆ కార్డుల గడువు 2024 చివరికి అయిపోయింది, ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసానే. మీ అకౌంట్‌లో ఇప్పుడు వాడే పాస్‌పోర్ట్ నంబరే ఉందో లేదో బయల్దేరకముందే చూస్కోండి, ముఖ్యంగా ఈమధ్య పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నవాళ్లు.

లగేజ్ ఎంత తీసుకెళ్లొచ్చు? పచ్చళ్లు?

ఫ్లైట్ అయితే ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది, చీప్ టికెట్‌లో సీటు కింద పట్టే చిన్న బ్యాగ్ ఒక్కటే ఇస్తారు, మిగతాదానికి డబ్బులే. యూరోస్టార్ స్టాండర్డ్ టికెట్‌కి 85 సెంటీమీటర్ల లోపు పెట్టెలు రెండు, ఒక చేతి సంచి, తూకం వెయ్యరు, మీరు మోయగలిగితే చాలు. నీళ్లు, షాంపూల మీద 100 మిల్లీలీటర్ల గొడవ కూడా రైల్లో లేదు.

తినేవాటి విషయంలో మాత్రం జాగ్రత్త. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పనీర్, పాలకోవా కుదరవు. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, జంతికలు లాంటివి పర్లేదు. చంటిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. అటునుంచి వచ్చేటప్పుడు కూడా 2025 ఏప్రిల్ నుంచి పశువుల గాలికుంటు వ్యాధి భయంతో బ్రిటన్ యూరప్ చీజ్, మాంసం ఆపేసింది, కాబట్టి ఫ్రెండ్స్‌కి ప్యారిస్ చీజ్ తెస్తానని మాట ఇచ్చేముందు అప్పటి రూల్ ఒకసారి చూడండి.

అయినా మూట కట్టుకెళ్లాల్సిన అవసరం లేదు. గార్ దు నోర్ బయటికొచ్చి లా షపెల్ వైపు ఐదు పది నిమిషాలు నడిస్తే శ్రీలంక తమిళుల వీధి మొత్తం, దోశ, ఇడ్లీ, అన్నం, కరివేపాకు, మునక్కాడలు అన్నీ ఉంటాయి. ఫ్రెంచ్ తిండి పడని పెద్దవాళ్లుంటే హోటల్ ఆ చుట్టుపక్కల చూస్కోవచ్చు.

ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

రైల్లో అయితే రావచ్చు, పొద్దున్నే మొదటి రైలెక్కి రాత్రి ఆఖరి రైల్లో తిరిగొస్తే ఊళ్లో తొమ్మిది పది గంటలు దొరుకుతాయి. వెళ్లేటప్పుడు ఒక గంట పోతుందని, వచ్చేటప్పుడు దొరుకుతుందని గుర్తుపెట్టుకోండి. ఈఫిల్ టవర్, సేన్ నది మీద బోటు, కాస్త నడక, అంతవరకే. లూవ్ర్ మ్యూజియం కూడా కలపాలనుకుంటే ఒక రాత్రి ఉండండి. ఫ్లైట్‌లో డే ట్రిప్ నేను చెప్పను, రోజంతా ఎయిర్‌పోర్టుల్లోనే గడుస్తుంది.

బస్సులో వెళ్తే?

లండన్ విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి ప్యారిస్ బెర్సీ సేన్‌కి ఫ్లిక్స్‌బస్, బ్లాబ్లాకార్ బస్సులు ఉన్నాయి, ఎనిమిది నుంచి పది గంటలు. స్టూడెంట్లు రాత్రి బస్సు ఎక్కుతారు, హోటల్ డబ్బులు మిగులుతాయని. అర్ధరాత్రి నిద్రలో లేపి కిందకి దింపి పాస్‌పోర్ట్‌లు చూస్తారు, దానికి సిద్ధపడితే బానే ఉంటుంది.

కారులో?

మొత్తం ఆరు గంటలు అనుకోండి. ఫోక్‌స్టన్ దాకా వెళ్లి కారుతో సహా లెషటిల్ రైలెక్కితే 35 నిమిషాల్లో కాలే, కారు దిగే పని కూడా లేదు. లేదంటే డోవర్ నుంచి ఫెర్రీ, గంటన్నర, పిల్లలకి సరదాగా ఉంటుంది. కాలే నుంచి ప్యారిస్ 290 కిలోమీటర్ల పైన, టోల్ రోడ్డు. అక్కడ కుడి పక్కన నడపాలి, ప్యారిస్‌లో బండి పొల్యూషన్ ఎంతో చూపే క్రిటెయిర్ స్టిక్కర్ కావాలేమో వెళ్లేముందు చూస్కోవాలి, పార్కింగ్ తలనొప్పి. నలుగురైదుగురు కలిసి ఊరి బయట ఉండేట్టయితేనే ఇది లాభం.

టికెట్లు ఎప్పుడు చీప్?

మంగళ, బుధ వారాలు, మధ్యాహ్నం టైమ్. శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం సాయంత్రం రావడం ఫ్లైటైనా రైలైనా బాగా ఖరీదు. రెండూ ముందు కొన్నవాళ్లకే తక్కువకి వస్తాయి. చూసేటప్పుడు టికెట్ రేటు ఒక్కటే చూడొద్దు, బ్యాగ్ డబ్బులు, రెండు వైపులా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే రైలు డబ్బులు కలిపి చూడండి, నలుగురు ఉన్న ఫ్యామిలీకి ఆ రైళ్లే బోలెడు అవుతాయి. యూకే నుంచి లేచే ఫ్లైట్‌కి ప్యాసింజర్ డ్యూటీ అని ఒక పన్ను ఉంది, ఎకానమీలో 16 ఏళ్ల లోపు పిల్లలకి అది లేదు.

ఫ్లైట్ లేటైతే డబ్బులిస్తారా?

ఇక్కడ దూరం మళ్లీ పనికొస్తుంది. నష్టపరిహారం లెక్క దూరాన్ని బట్టే, 1500 కిలోమీటర్ల లోపు రూట్‌కి మూడు గంటలు లేదా అంతకన్నా లేటుగా చేరితే, తప్పు ఎయిర్‌లైన్‌దైతే, మనిషికి యూకే రూల్ ప్రకారం 220 పౌండ్లు, యూరప్ రూల్ ప్రకారం 250 యూరోలు. టికెట్ ఎంతకి కొన్నారన్నది సంబంధం లేదు, తక్కువకి కొన్నా అంతే ఇవ్వాలి. తుఫాను, కంట్రోలర్ల సమ్మె లాంటివైతే ఈ డబ్బు రాదు, కానీ రెండు గంటలు దాటితే తిండి, నీళ్లు మాత్రం ఇవ్వాల్సిందే. ఫ్రాన్స్‌లో సమ్మెలు మామూలే కాబట్టి వెళ్లే వారం ఒకసారి వార్తలు చూడండి. రైలు కూడా గంట దాటి లేటైతే పరిహారం ఉంది.

ఒకప్పుడు ఎంతసేపు పట్టేది?

1785 జనవరి 7న బ్లాన్షార్, జెఫ్రీస్ అనే ఇద్దరు బెలూన్‌లో డోవర్ నుంచి ఫ్రాన్స్ ఒడ్డుకి దాటారు, ఆ ముక్కకే రెండు గంటల పైన పట్టింది, బరువు తగ్గించుకోడానికి ఒంటి మీద బట్టలు కూడా పారేశారు. 1909 జులై 25న లూయీ బ్లేరియో విమానంలో కాలే దగ్గర్నుంచి డోవర్‌కి అరగంట పైన కొన్ని నిమిషాల్లో వచ్చేశాడు. ఇంకో పదేళ్లకి, 1919 ఆగస్ట్ 25న, లండన్‌లో ఇప్పటి హీత్రోకి దగ్గర్లోనే ఉన్న హౌన్స్‌లో హీత్ నుంచి ప్యారిస్ ల బూర్జేకి రోజూ వెళ్లే సర్వీస్ మొదలైంది, రెండున్నర గంటలు. అంటే వందేళ్ల కింద విమానానికి పట్టిన టైమ్ కన్నా ఇవాళ రైలు తొందరగా వెళ్తోంది. 1936 నుంచి 1980 దాకా నైట్ ఫెర్రీ అని ఒక రైలుండేది, పడుకునే పెట్టెల్ని అలాగే ఓడలోకి ఎక్కించి సముద్రం దాటించేవాళ్లు, లండన్‌లో పడుకుంటే ప్యారిస్‌లో తెల్లారేది. ఇవన్నీ చదివినప్పుడల్లా ఆ చిన్న సముద్రప్పాయ దాటడానికి మనుషులు ఎంత తాపత్రయపడ్డారో అని నాకు ఆశ్చర్యమే.

ఫ్రాన్స్ చిన్న ఫ్లైట్లు ఆపేసిందట కదా, ఈ రూట్ కూడా పోతుందా?

2023 మేలో వచ్చిన ఆ రూల్ ఫ్రాన్స్ లోపలి రూట్లకి మాత్రమే, రైల్లో రెండున్నర గంటల లోపు వెళ్లగలిగే చోట్లకి. ఓర్లీ నుంచి లియోన్, నాంత్, బోర్డో అలా ఆగాయి. లండన్ వేరే దేశం కాబట్టి దీనికి వర్తించదు.

లండన్‌లో దిగి, తిరిగి వెళ్లేటప్పుడు ప్యారిస్ నుంచే ఇండియాకి ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు, చాలా మంచి ఆలోచన కూడా. టికెట్ కొనేటప్పుడు రౌండ్ ట్రిప్ కాకుండా మల్టీ సిటీ అని పెట్టి, హైదరాబాద్ నుంచి లండన్, ప్యారిస్ నుంచి హైదరాబాద్ అని వేస్తే మళ్లీ లండన్‌కి వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది. మధ్యలో లండన్ ప్యారిస్ ముక్క రైల్లో విడిగా తీసుకోవచ్చు. ఒక్కటే చూస్కోండి, ఆ రైలు రోజే ఇండియా ఫ్లైట్ పెట్టుకోవద్దు. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి రైలు ఆగిపోయి ఫ్లైట్ మిస్సైతే ఎవరూ బాధ్యత తీసుకోరు, గార్ దు నోర్ నుంచి చార్లెస్ డి గాల్‌కి పెద్ద పెట్టెలతో వెళ్లడానికే గంట పోతుంది. ముందు రోజే ప్యారిస్ చేరిపోండి.